లండన్ నేషనల్ గ్యాలరీ: శుక్రవారం సాయంత్రం వెళ్ళండి, లాజరు దగ్గర మొదలుపెట్టండి

లండన్ వచ్చిన మొదటి సంవత్సరమే నేషనల్ గ్యాలరీకి వెళ్ళాను కానీ, చూశానని మాత్రం చెప్పలేను. ఎవరో టూర్ వాళ్ళకి మనిషికింత అని కట్టి ఒక ఆదివారం బస్సెక్కాం. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దింపి నలభై నిమిషాలు టైమిచ్చారు. ఎటు వెళ్ళాలో తెలియదు, ఏం చూడాలో తెలియదు. జనం ఎటు పోతుంటే అటు పోయి, వాన్ గో పొద్దుతిరుగుడు పూల ముందు తలా ఒక ఫోటో దిగి, బస్సు వెళ్ళిపోతుందేమోనన్న టెన్షన్‌తో వెనక్కి పరుగెత్తాం. ఆ గ్యాలరీలోకి వెళ్ళడానికి అసలు టికెట్టే లేదని తర్వాత మా ఆసుపత్రి వార్డులో ఒకావిడ చెబితే తెలిసింది.

అది జరిగి ఏడేళ్ళయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కపెట్టలేదు. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. గుంటూరులో నర్సింగ్ చదివి, అక్కడే ఆరేళ్ళు లేబర్ రూమ్‌లో చేసి, ఇక్కడికొచ్చాక పెద్దవాళ్ళ వార్డులో చేస్తున్నాను. నాకు బొమ్మలు వెయ్యడం రాదు, వాటి గురించి చదువుకున్నదీ లేదు. అయినా ఇది ఎందుకు రాస్తున్నానంటే, మనవాళ్ళు లండన్ వస్తే లండన్ ఐ ఎక్కుతారు, టవర్ బ్రిడ్జి చూస్తారు, ఈ గ్యాలరీ దగ్గరికొచ్చేసరికి "పెయింటింగులు మనకేం అర్థమవుతాయిలే" అని మెట్ల మీద ఫోటో దిగి వెళ్ళిపోతారు. బాగా అర్థమవుతాయి. కథ తెలిసి, ఒక్కో బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడితే చాలు.

ముందు పనికొచ్చే సంగతులు చెప్పేస్తాను. పర్మనెంట్ కలెక్షన్ చూడడం ఉచితం. ప్రత్యేకంగా పెట్టే ఎగ్జిబిషన్లకి మాత్రం టికెట్ ఉంటుంది. రోజూ ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంటుంది, శుక్రవారం మాత్రం రాత్రి తొమ్మిది దాకా. డిసెంబర్ 24, 25, 26, జనవరి 1 సెలవు. ఛారింగ్ క్రాస్ స్టేషన్‌లో దిగితే నడిచి రెండు మూడు నిమిషాలు. ఇప్పుడు లోపలికి దారి ఎడమ పక్కనున్న సెయిన్స్‌బరీ వింగ్ నుంచి. దాన్ని బాగుచేసి 2025 మేలో మళ్ళీ తెరిచారు. బ్యాగులు చెక్ చేస్తారు కాబట్టి పెద్ద సూట్‌కేసులు లాక్కుని వెళ్ళకండి. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు. లోపల టీ, కేకులు దొరుకుతాయి కానీ నలుగురు కుటుంబంతో వెళ్తే బిల్లు గట్టిగానే అవుతుంది. మేం పులిహోర డబ్బా కట్టుకుని వెళ్ళి, బయట స్క్వేర్‌లో కూర్చుని తిని లోపలికి వెళ్తాం.

శుక్రవారం ఏడు దాటాక వెళ్ళడం నాకు చాలా ఇష్టం. స్కూలు పిల్లలు, టూరు బృందాలు ఉండవు. కొన్ని గదుల్లో మనమూ, మూల కుర్చీలో కాపలా ఆయనా తప్ప ఎవరూ ఉండరు. పన్నెండు గంటల డ్యూటీ చేసిన మర్నాడు ఒళ్ళు బరువుగా ఉంటుంది, ఇంట్లో పడుకుంటే మనసు ఊరుకోదు. అలాంటి రోజు నాలుగైదు బొమ్మలు చూసి వస్తాను. అన్నీ ఒకేసారి చూడాలని పెట్టుకోవద్దు. మొత్తం 2,300కి పైగా పెయింటింగులున్నాయి. ఒక్క రోజులో నూరు చూస్తే కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ మిగలవు.

ఈ గ్యాలరీ 1824లో మొదలైంది. జాన్ జూలియస్ ఆంగర్‌స్టైన్ అనే నౌకల ఇన్సూరెన్స్ వ్యాపారి చనిపోయాక, అతని దగ్గరున్న 38 బొమ్మల్ని ప్రభుత్వం 57,000 పౌండ్లకి కొని, మొదట్లో అతని ఇంట్లోనే జనానికి చూపించింది. ఆయన సంపాదనకి బానిసల వ్యాపారంతో సంబంధం ఉందన్న సంగతి కూడా తెలుసుకునే వెళ్ళాలని నా అభిప్రాయం. ఇప్పుడున్న భవనం 1838లో తెరిచారు. ఊరికి పడమర నుంచి డబ్బున్నవాళ్ళు బగ్గీల్లో, తూర్పు నుంచి పేదవాళ్ళు నడిచి, ఇద్దరూ రాగలిగే చోటు కావాలని ఆ నడిమధ్య స్థలాన్ని సమర్థించారట. నాలాంటిదాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని కట్టారని ఆ మాట విన్నప్పుడు చాలా సంతోషమేసింది.

ఇక అసలు విషయం. ఇక్కడున్న పాత బొమ్మల్లో చాలావరకు బైబిలు కథలే. నేను లూథరన్ చర్చి సండే స్కూల్లో పెరిగాను కాబట్టి నాకు ఆ కథలు తెలుసు. మా ఇంట్లో గోడకి ఏటా మారే వాగ్దాన వచనం క్యాలెండర్ మీద మంచి కాపరి బొమ్మ ఉండేది, రంగులు మెరిసిపోతూ. యేసు ప్రభువంటే నాకు చాలా కాలం ఆ క్యాలెండర్ ముఖమే. కథలు తెలియనివాళ్ళ ఇబ్బంది ఏంటో నా రూమ్మేట్ వల్ల తెలిసింది. తనది ఖమ్మం, రోజూ దీపం పెట్టనిదే డ్యూటీకి వెళ్ళదు. మొదటి రెండు గదులు చూసి, "అందరూ ఒకేలా ఉన్నారు, ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?" అంది. "నెమలి ఉంటే ఎవరు?" అన్నాను. "కుమారస్వామి" అంది. అంతే, తనకి దారి దొరికిపోయింది.

ఇక్కడా అదే పద్ధతి. చేతిలో తాళపుచెవులుంటే పేతురు. ఒంటె రోమాల బట్ట, సన్నటి సిలువ కర్ర ఉంటే బాప్తిస్మమిచ్చు యోహాను. పక్కన సింహం పడుకుని ఉంటే బైబిలుని లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్. విరిగిన చక్రం ఉంటే సెయింట్ కేథరిన్. అత్తరు బుడ్డి ఉంటే మగ్దలేనే మరియ. నీలం పైట కప్పుకుని ఉంటే చాలాసార్లు యేసు తల్లి మరియ. ఆ నీలాన్ని ఆషామాషీగా పుయ్యలేదు. ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో తవ్విన లాపిస్ లాజులి రాయిని నూరి, కడిగి తీసిన రంగు అది. ఖరీదెక్కువ కాబట్టి ముఖ్యమైన చోటే వాడేవాళ్ళు. సాసోఫెరాతో 1640లలో వేసిన ప్రార్థించే మరియ బొమ్మలో ఆ నీలం ఎలా ఉంటుందో చూడండి. తల మీద తెల్ల ముసుగు, కళ్ళు వాల్చి, రెండు చేతులూ జోడించి ఉంటుంది. మా రూమ్మేట్ ఆ బొమ్మ ముందు చెప్పులు విప్పబోయింది.

లాజరు దగ్గర మొదలుపెట్టమన్నాను కదా. చనిపోయి సమాధిలో ఉన్న లాజరుని యేసు తిరిగి బతికించిన కథ ఇది. గ్యాలరీ లెక్క పుస్తకంలో మొదటి నంబరు బొమ్మ ఇదే. లేబుల్ మీద చివర్న ఎన్‌జీ1 అని ఉంటుంది. ఆంగర్‌స్టైన్ దగ్గర కొన్న ఆ 38లో ఒకటి. 1517 నుంచి 1519 దాకా రోమ్‌లో సెబాస్తియానో దెల్ పియోంబో వేశాడు. పన్నెండడుగులు దాటిన ఎత్తు. తర్వాత పోపు అయిన కార్డినల్ జూలియో దె మెదీచీ ఫ్రాన్సులోని నార్బోన్ చర్చి కోసం ఒక బొమ్మని ఇతనికీ, ఇంకో బొమ్మని రఫాయెల్‌కీ చెప్పాడు. దాంతో ఇద్దరి మధ్యా పోటీ పెరిగింది. రఫాయెల్‌ని ఓడించాలని సెబాస్తియానోకి స్నేహితుడు మికెలాంజెలో గీతలు గీసిచ్చి సాయం చేశాడు. లాజరు ఒళ్ళు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. నాలుగు రోజులు సమాధిలో ఉన్న మనిషి ఒళ్ళు కాదది, కండలు తిరిగిన పహిల్వాన్ ఒళ్ళు. మొదట్లో నాకది తప్పుగా తోచింది. ఇప్పుడు అలా అనిపించదు. బతుకు తిరిగి రావడం అంటే బలం తిరిగి రావడమే కదా. కట్టు విప్పుకోవడానికి అతను ఒక కాలి వేళ్ళతో రెండో కాలి మీద గుడ్డని కిందికి నెడుతుంటాడు. ఆపరేషన్ అయి మత్తు దిగుతున్న పేషెంట్లు దుప్పటిని కాళ్ళతో అచ్చం అలాగే నెడతారు.

రెండేళ్ళ కిందట నా కాన్పుకి మా అమ్మ వచ్చినప్పుడు ఈ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకే బెంచీ మీద కూర్చోబెట్టాను. "ఎవరో చెప్పు చూద్దాం" అన్నాను.

"కట్లున్నాయిగా, లాజరు" అంది. కాసేపు ఊరుకుని, "అమ్మాయ్, ఆ వెనక ఆడవాళ్ళని చూడవే. ముక్కులకి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు" అంది.

నిజమే. నేను అప్పటికి ఐదారుసార్లు చూసి ఉంటాను, వాళ్ళని పట్టించుకోలేదు. నాలుగు రోజులైంది ప్రభువా, వాసన వస్తుంది అని లాజరు తోబుట్టువు మార్త యేసుతో చెప్పిన మాటని సెబాస్తియానో అలా వేశాడు. మా క్యాలెండర్ బొమ్మల్లో ఎవరూ ముక్కు మూసుకోరు. అందరూ శుభ్రంగా, నవ్వుతూ ఉంటారు.

తర్వాత అమ్మ మెల్లిగా అంది: "మీ నాన్నని నీ కోసం రెండు రోజులు ఐసు పెట్టెలో ఉంచాం గదా. మీ పిన్ని నాకు తెలియకుండా అగరొత్తులు వెలిగిస్తానే ఉంది."

ఆ మాట నాతో అమ్మ అంతకుముందు ఎప్పుడూ అనలేదు. నేను విమానం దిగి ఇంటికెళ్ళేసరికి పెట్టె అద్దం మీద నీటి చుక్కలు. పిన్ని పమిట కొంగుతో తుడుస్తోంది. అంతవరకే నాకు తెలుసు. మిగతాది ఆ బెంచీ మీద కూర్చుని అమ్మ చెబితే విన్నాను. అరగంట కూర్చున్నాం. ఒక కాపలా ఆవిడ వచ్చి, మంచినీళ్ళు కావాలా అని అడిగి వెళ్ళింది.

దీని తర్వాత కారవాజియో దగ్గరికి వెళ్ళండి. 1601లో వేసిన ఎమ్మాయు భోజనం. సిలువ మీద చనిపోయిన యేసు మూడో రోజు లేచి, దారిలో ఇద్దరు శిష్యులతో కలిసి నడిచినా వాళ్ళు గుర్తుపట్టరు. సాయంత్రం ఎమ్మాయు అనే ఊళ్ళో భోజనం దగ్గర రొట్టెను దీవించినప్పుడు గుర్తుపడతారు. ఆ క్షణాన్నే పట్టాడు. ఎడమ పక్క శిష్యుడు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నాడు. అతని ఆకుపచ్చ కోటు మోచేతి దగ్గర చిరిగి, లోపలి తెల్ల గుడ్డ కనబడుతోంది. ఆ చిరుగు దగ్గరగా వెళ్ళి చూడండి. వేసినవాడికి బీదవాళ్ళ బట్టలు ఎక్కడ చిరుగుతాయో తెలుసు. కుడి పక్కాయన రెండు చేతులూ బారచాపాడు, ఒక చెయ్యి బొమ్మ దాటి మన మీదికొచ్చేస్తున్నట్టుంటుంది. యేసుకి గడ్డం లేదు, బొద్దుగా కుర్రవాడిలా ఉంటాడు. ఎవరికీ తెలియని ముఖం పెడితేనే కదా శిష్యులు ఎందుకు గుర్తుపట్టలేదో మనకి అర్థమయ్యేది. వెనక నిలబడ్డ పూటకూళ్ళాయన ఒక్కడికే ఏం జరుగుతోందో తెలియదు, తల మీద టోపీ కూడా తియ్యలేదు. పెద్దమనిషి ఎదురైతే తలపాగా తీసి చంకలో పెట్టుకునే మా తాతయ్య చూస్తే దాన్ని వెంటనే పట్టేసేవాడు.

బల్ల చివర పళ్ళబుట్ట ఉంది. అంచు దాటి ముందుకొచ్చి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా ఉంటుంది. మా చిన్నాడు కాస్త పెద్దయ్యాక దాన్ని పట్టుకోబోతాడని నాకు ఇప్పటి నుంచే భయం. ఆపిల్‌కి మచ్చ, ద్రాక్ష గింజల మీద వెలుగు, బల్ల గుడ్డ మీద బుట్ట నీడ. కెమెరాలో చూడకుండా కళ్ళతో చూడాల్సిన బొమ్మ ఇది.

వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫీనీ దంపతుల బొమ్మ అందరికీ తెలుసు, ఇంటర్నెట్‌లో కూడా తిరుగుతుంటుంది. చిన్న బొమ్మ, రెండున్నర అడుగుల పైన కాస్తంత. ఆమె నిండు చూలాలని మనవాళ్ళు ఠకీమని అనేస్తారు. కాదు. ఆ కాలం ఫ్యాషన్ ప్రకారం బోలెడంత గుడ్డతో కుట్టిన గౌను ముందు భాగాన్ని చేత్తో ఎత్తి పొట్ట దగ్గర పట్టుకుంది. ఆరేళ్ళు లేబర్ రూమ్‌లో చేసినదాన్ని కాబట్టి నా మాట నమ్మండి: నెలలు నిండిన ఆడది నడుము అలా వెనక్కి వంచి తేలిగ్గా నిలబడదు, చెయ్యి వెనక నడుము మీదికి పోతుంది. వాళ్ళిద్దరి మధ్య గోడకి గుండ్రటి అద్దం ఉంది. అందులో ఆ గది వెనకనుంచి కనిపిస్తుంది, గుమ్మంలో ఇంకో ఇద్దరు మనుషులు కూడా. అద్దం చుట్టూ ఉన్న చట్రంలో బొటనవేలి గోరంత గుండ్రాలు పది, ఒక్కోదాంట్లో యేసు శ్రమల కథ. ఆ గుండ్రాల కోసమే నేను కళ్ళజోడు పెట్టుకెళ్తాను. ఇలాంటి చిన్న విషయాల మీద ఆసక్తి ఉంటే విల్టన్ డిప్టిక్ కూడా వదలొద్దు. 1390లలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ కోసం చేసిన మడత బొమ్మ అది. మరియ చుట్టూ నీలం బట్టల్లో పదకొండు మంది దేవదూతలు, అందరి గుండె మీదా ఆ రాజు గుర్తు, తెల్ల జింక. జెండా కర్ర చివరి గుండులో సెంటీమీటరంత జాగాలో పచ్చటి దీవి, దాని మీద తెల్లటి కోట వేశారు. శుభ్రం చేసేటప్పుడు గానీ ఆ దీవి ఎవరి కంటా పడలేదు.

రెంబ్రాంట్ వేసిన బబులోను రాజు బెల్షస్సరు విందు దగ్గర, బైబిల్లో దానియేలు గ్రంథం తెలిసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. యెరూషలేము దేవాలయం నుంచి దోచుకొచ్చిన బంగారు పాత్రల్లో రాజు ద్రాక్షారసం తాగుతుంటే, గాలిలో ఒక చెయ్యి కనబడి గోడ మీద రాస్తుంది. రాజు తలపాగా రాళ్ళు, జరీ, రంగు ఉబ్బెత్తుగా వేసి ఉంటాయి. పక్క నుంచి చూస్తే అది తెలుస్తుంది. కుడి పక్క ఎర్ర గౌను ఆవిడ ఉలిక్కిపడి ఎత్తిన పాత్రలోంచి ద్రాక్షారసం ఒలికిపోతోంది. ఆ రాతని బబులోను పండితులెవరూ ఎందుకు చదవలేకపోయారన్నది నాకు సండే స్కూలు రోజుల నుంచీ ఉన్న సందేహం. జవాబు ఇక్కడ దొరికింది. రెంబ్రాంట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల పేటలో ఉండేవాడు. మెనాసె బెన్ ఇజ్రాయెల్ అనే పండితుడి వివరణ ప్రకారం అక్షరాల్ని అడ్డంగా కాకుండా నిలువు వరసల్లో, పై నుంచి కిందికి రాశాడు. పండితులు అడ్డంగా చదవబోయి తికమకపడ్డారన్నమాట. అందులో ఒక అక్షరం రెంబ్రాంట్ తప్పు వేశాడని హీబ్రూ తెలిసినవాళ్ళంటారు.

కొన్ని గదులు నేను తొందరగా దాటేస్తాను. పట్టు కోట్లు వేసుకున్న దొరలూ, వాళ్ళ భార్యలూ, వాళ్ళ తోటలూ నాకు రుచించవు. గ్రీకు దేవతల బట్టల్లేని బొమ్మలు చాలానే ఉన్నాయి. అత్తమామలతో వెళ్ళేవాళ్ళు ముందే చెప్పి తీసుకెళ్ళండి. పిల్లలుంటే స్టబ్స్ వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం దగ్గరికి వెళ్ళాలి. నిజం గుర్రమంత గుర్రం, దాదాపు పదడుగుల బొమ్మ. వెనక చెట్టు లేదు, గట్టు లేదు, ఆకాశం లేదు. ఒక్క గుర్రం ముందుకాళ్ళు ఎత్తి ఉంటుంది. ఉచెల్లో వేసిన సెయింట్ జార్జి, డ్రాగన్ కూడా పిల్లలకి నచ్చుతుంది, ఆ డ్రాగన్ మెడకి కట్టిన పట్టీని రాకుమారి పట్టుకుని ఉంటుంది.

పొద్దుతిరుగుడు పూలకి నేను మొదటిసారి అన్యాయం చేశాను కాబట్టి తర్వాత తీరిగ్గా చూశాను. 1888 ఆగస్టులో, ఆర్ల్ అనే ఊళ్ళో తన ఇంటికి రాబోయే స్నేహితుడు గొగాన్ గదిలో పెట్టడానికి వాన్ గో వేసిన బొమ్మల్లో ఇదొకటి. 1924లో గ్యాలరీ కొన్నది. అన్నీ విప్పారిన పూలే అనుకుంటాం. కాదు. రేకులు రాలి గింజ కట్టినవి, మెడ వంచేసినవి, ఎండినవి కూడా ఉన్నాయి. పొద్దుతిరుగుడు చేలు చూసినవాళ్ళు కోతకొచ్చిన తలల్ని అందులో వెంటనే పోల్చుకుంటారు. అదే సంవత్సరం వేసిన తన కుర్చీ బొమ్మ కూడా ఇక్కడ ఉంది. గడ్డితో అల్లిన కుర్చీ, దాని మీద పైపు, పొగాకు. మనిషి లేడు. పూల దగ్గర జనం ఎక్కువైతే నేను దాని ముందుకెళ్ళి నిలబడతాను.

టిషియన్ 1514 ప్రాంతంలో వేసిన నోలి మీ టాంజెరే గురించి రాయకుండా ఉండలేను. నన్ను తాకవద్దు అని ఆ లాటిన్ మాటలకర్థం. తిరిగి లేచిన యేసుని మగ్దలేనే మరియ మొదట తోటమాలి అనుకుంటుంది. తర్వాత గుర్తుపట్టి మోకాళ్ళ మీద పడి చెయ్యి చాపుతుంది. ఆయన ఒక చేత్తో పార పట్టుకుని, ఇంకో చేత్తో తెల్ల వస్త్రాన్ని ఆమెకి అందకుండా పక్కకి లాక్కుంటాడు. కానీ ఒళ్ళంతా ఆమె వైపే వంగి ఉంటుంది. తాకవద్దంటూనే ఆమెకి గొడుగు పట్టినట్టు వంగుతాడు. ఎక్స్‌రే తీసి చూస్తే, టిషియన్ మొదట ఆయన్ని తోటమాలి టోపీతో, ఆమెకి అవతలికి తిరిగినట్టు వేశాడని తెలిసింది. తర్వాత మార్చాడు. మార్చడం ఎంత మంచిదైంది!

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి భయపడి గ్యాలరీ బొమ్మలన్నీ ఊరు దాటించారు, తర్వాత వేల్స్‌లో మానోడ్ అనే చోట పలకరాయి గనిలో దాచారు. ఖాళీ గోడలు చూడలేక జనం అడిగితే, 1942లో నెలకొక్క బొమ్మ చొప్పున లండన్ తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. మొదట తెచ్చింది ఈ నోలి మీ టాంజెరేనే. ఊరంతా కూలిపోతుంటే ఈ ఒక్క బొమ్మని చూడడానికి వచ్చి నిలబడ్డవాళ్ళు ఏం అనుకుని ఉంటారో నేను ఊహించగలను. 2020 వసంతంలో మా వార్డులో ఇళ్ళవాళ్ళని లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. ఫోను సంచిలో పెట్టి పేషెంటు ముఖం దగ్గర పట్టుకునేవాళ్ళం, గ్లోవ్స్ వేసుకున్న చేతులతో. ఒకావిడ ఫోన్‌లోంచి "అమ్మ నుదురు మీద చెయ్యి వెయ్యరూ, నా బదులు" అంది. వేశాను. జూలైలో గ్యాలరీ మళ్ళీ తెరిచాక నేను మొదట వెళ్ళింది ఈ బొమ్మ దగ్గరికే. నేల మీద బాణం గుర్తులు, ముఖాలకి మాస్కులు. ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు.

చివర్లో రెంబ్రాంట్ తనని తాను వేసుకున్న రెండు బొమ్మలూ చూడండి, 34 ఏళ్ళప్పటిది, 63 ఏళ్ళప్పటిది. 34లో ఖరీదైన బట్టలు, మోచెయ్యి గట్టు మీద ఆనించి దర్జాగా ఉంటాడు. 63లో వేసింది 1669లో, ఆయన పోయిన ఏడాది. అప్పటికి అప్పులపాలై ఇల్లు పోయింది, తోడున్న హెండ్రికే పోయింది, ముందు సంవత్సరమే కొడుకు టైటస్ కూడా పోయాడు. కళ్ళ కింద సంచులు, ముక్కు మీద గరుకుగా, మందంగా రంగు. కంటి చుట్టూ చర్మం జారిన తీరు మా వార్డులో రోజూ చూసేదే. ఈ బొమ్మకి కూడా ఎక్స్‌రే తీశారు. మొదట చేతిలో కుంచె పట్టుకున్నట్టు వేసుకున్నాడు. తర్వాత దాన్ని చెరిపేసి, చేతులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని కూర్చున్నట్టు మార్చుకున్నాడు. సాయంత్రం మాత్రలు ఇచ్చే టైముకి మా పెద్దవాళ్ళు దుప్పటి మీద చేతులు అలాగే పెట్టుకుంటారు.

మొన్న శుక్రవారం వార్డులో కొత్తగా చేరిన మలయాళీ అమ్మాయిని తీసుకెళ్ళాను. తనకి ఇంకా ఈ ఊరు అలవాటు కాలేదు, రెండు నెలల నుంచి ఇంటి మీద బెంగ. రెంబ్రాంట్ ముందు నిలబెట్టి ఏమీ చెప్పలేదు. తను పేరు చూడలేదు, లేబుల్ చదవలేదు. కాసేపటికి, "చేచీ (అక్కా), ఈయనకి రాత్రి నిద్ర పట్టి ఉండదు" అంది. ఇంకో పది నిమిషాల్లో మూసేస్తున్నామని కాపలావాళ్ళు చెప్పేదాకా అక్కడే ఉన్నాం. మిగతా గదులు వచ్చే శుక్రవారం చూద్దామని తనే అంది.